1/48 మిగ్-21 బిస్: సన్నని భాగాలను సొంతంగా చేసుకోవడంపై అనుభవాలు (చర్చ)

మువ్వన్నెరెక్క (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు మన వైమానిక దళం వీడ్కోలు పలికిన రోజున, ఏళ్ల క్రితం కొని అటక మీద పెట్టిన 1/48 స్కేలు (అసలు విమానంలో 48వ వంతు) మిగ్-21 బిస్ రకం ప్లాస్టిక్ మోడల్ కిట్‌ను కిందికి దించాను. మొండెం, రెక్కలు అతికించి, అతుకులకు పుట్టీ పెట్టి రుద్దేవరకూ పని సాఫీగానే సాగింది. ఆ తరువాత అసలు విమానం ఫొటోల పక్కన పెట్టి చూస్తే మాత్రం కిట్‌లోని చిన్న భాగాలు ఏవీ తృప్తిగా అనిపించడం లేదు. ముక్కు మీద ఉండే పీటో గొట్టం (గాలి వేగాన్ని కొలిచేది) అగ్గిపుల్లలా ఉంది. రెక్కల పైన నిలువుగా ఉండే చిన్న పలకలు అట్టముక్కల్లా కనిపిస్తున్నాయి. చక్రాల కాళ్లకు ఉండవలసిన బ్రేకు గొట్టాలు అసలు లేనే లేవు.

కరెంటు వైరులోని రాగి పోగులు తీసి బ్రేకు గొట్టం చేయబోయాను. ఒక పోగు మరీ సన్నగా తేలిపోయింది. రెండు పోగులు మెలిపెడితే మోకులా కనిపించింది. ఏ భాగానికి ఎంత మందం ఉండాలో ముందుగా ఎలా నిర్ణయించుకుంటారు? అందుకు తగిన సామాను మన ఊళ్లలో ఎక్కడ దొరుకుతుంది? ఈ పని చేసినవారు తమ అనుభవాన్ని పంచుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇత్తడితీగ (సికింద్రాబాద్):

మీ ప్రశ్నలో మొదటిదే అన్నిటికన్నా ముఖ్యమైనది. కంటికి ఆనిన మందంతో తీగ ఎంచుకుంటే ఎప్పుడూ పొరపాటే జరుగుతుంది. మన కన్ను చిన్న వస్తువును ఉన్నదానికన్నా లావుగా అంచనా వేస్తుందని నాకు పదిహేనేళ్ల పనిలో తెలిసివచ్చింది. అందుచేత కొలిచి లెక్కవేయండి.

మిగ్-21 బిస్ ప్రధాన చక్రం వ్యాసం 800 మిల్లీమీటర్లు, ముందు చక్రం వ్యాసం 500 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలు చేతిలో ఉంటే చక్రం సమీపంలో ఉన్న ఏ భాగాన్నైనా ఫొటో నుంచే కొలవవచ్చు. ఉదాహరణకు, ఫొటోను కంప్యూటరులో పెద్దది చేసినప్పుడు చక్రం అడ్డుకొలత 600 పిక్సెళ్లు, దాని పక్కన ఉన్న గొట్టం 12 పిక్సెళ్లు వచ్చాయనుకోండి. అప్పుడు ఆ గొట్టం అసలు మందం 16 మిల్లీమీటర్లు. దానిని 48తో భాగిస్తే 0.33 మిల్లీమీటర్లు వస్తుంది. గొట్టం, చక్రం కెమెరాకు ఇంచుమించు ఒకే దూరంలో ఉన్న ఫొటోనే తీసుకోవాలి. చక్రం కోడిగుడ్డు ఆకారంలో కనిపించే పక్కవాటు ఫొటో అయితే దాని పొడవైన అడ్డుకొలతనే లెక్కలోకి తీసుకోండి.

ఇక తీగ విషయానికి వస్తే, మోటార్ల వైండింగ్ దుకాణానికి వెళ్లండి. అక్కడ రాగి తీగను గేజి అంకెతో అమ్ముతారు. 30 గేజి అంటే 0.315 మిల్లీమీటర్లు, 32 గేజి 0.274, 36 గేజి 0.193, 40 గేజి 0.122. ప్రైమరు, రంగు పడ్డాక కొంత మందం చేరుతుంది కాబట్టి, నేను లెక్కకు వచ్చినదానికన్నా ఒక మెట్టు సన్నని తీగను వాడతాను. మీరు కరెంటు వైరులో తీసిన పోగు బహుశా 0.2 మిల్లీమీటర్లది అయి ఉంటుంది. అందుకే ఒకటి చాలలేదు, రెండు ఎక్కువయ్యాయి.

వైండింగ్ తీగ మీద వార్నిష్ పూత ఉంటుంది. అతికించే కొసల దగ్గర దానిని బ్లేడుతో గీకివేయకపోతే ఫెవిక్విక్ గట్టిగా పట్టదు. చుట్ట విప్పిన తీగలో ఉండే వంపులు పోవాలంటే, ఒక కొసను బిగించి రెండవ కొసను పటకారుతో పట్టుకొని, తీగ కొద్దిగా సాగినట్లు చేతికి తెలిసేవరకు లాగండి. ఆ తరువాత అద్దం మీద పెట్టి ఉక్కు స్కేలుతో దొర్లిస్తే బాణంలా నిటారుగా వస్తుంది.

నాసిక్‌తెలుగు (నాసిక్):

మిగ్-21 అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. హెచ్‌ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్) ఈ విమానం మొండెం, రెక్కలు నాసిక్‌లోను, ఇంజను కోరాపుట్‌లోను, ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాలు) హైదరాబాదులోను తయారు చేసింది. మన ఊరి పని అందులో ఉందన్న సంతోషం వల్ల ఈ చర్చలో పాల్గొనకుండా ఉండలేకపోతున్నాను.

కొలతలు తీసే ముందు ఒక్క జాగ్రత్త చెప్పాలి. మీరు చూస్తున్న ఫొటో నిజంగా బిస్ రకానిదేనా అని నిర్ధారించుకోండి. మన దేశంలో ప్రదర్శనకు నిలిపిన మిగ్-21లలో అంతకు ముందరి ఎఫ్‌ఎల్ రకం విమానాలు కూడా ఉన్నాయి. వాటిని చూసి బిస్ కట్టినవారిని నేను చూశాను. ఎఫ్‌ఎల్‌లో పీటో గొట్టం ముక్కు పైన సరిగ్గా నడుమ ఉంటుంది. బిస్‌లో అది పైలటుకు కుడివైపుగా జరిగి ఉంటుంది. ఎఫ్‌ఎల్ పందిరి అద్దం (పైలటును కప్పి ఉంచే పారదర్శకమైన మూత) ముందువైపు కీలు మీద పైకి లేస్తుంది. బిస్‌లో అద్దం కుడిపక్కకు తెరుచుకుంటుంది. బిస్ వెన్ను కూడా బాగా బలిసి ఉంటుంది. ఈ మూడు గుర్తులు చూసుకుంటే పొరపాటు జరగదు. అదీగాక, ఆరుబయట నిలిపిన విమానాలకు చాలాసార్లు రంగులు వేసి ఉంటారు, చిన్న భాగాలు ఊడిపోయి ఉంటాయి. ఆకారానికి, కొలతకు వాటిని నమ్మవచ్చు గాని, గొట్టాలకు, తీగలకు, రంగులకు ఎగిరే రోజుల్లో తీసిన ఫొటోలనే ఆధారంగా తీసుకోవాలి.

బ్రేకు గొట్టం గురించి మరొక మాట. మిగ్-21 బ్రేకులు అదిమిన గాలితో పనిచేస్తాయి. కాలు మీద బరువు పడినప్పుడు అది కుదించుకుంటుంది కాబట్టి, కాలు వెంట దిగే రబ్బరు గొట్టానికి కొంత వదులు ఇచ్చి ఉంచుతారు. తీగను కాలికి అంటించినట్లు నిటారుగా బిగిస్తే కొలత సరిపోయినా జీవం ఉండదు. ఆ వదులు దగ్గర వచ్చే వంపే చూసేవారికి అది గొట్టమని చెబుతుంది. గొట్టానికి నల్లరంగు కాకుండా ముదురు బూడిదరంగు వేయండి, ఎందుకంటే ఇంత చిన్న వస్తువు మీద పూర్తి నలుపు వేస్తే ఆకారం కనిపించదు.

మందులకొట్టు (రాజమహేంద్రవరం):

పీటో గొట్టానికి సమాధానం మా దుకాణంలోనే ఉంది. ఇంజెక్షన్ సూదులు స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు. ఒకదానిలో ఒకటి దూరేలా గేజిలు ఎంచుకుంటే మెట్లు మెట్లుగా సన్నబడే పీటో తయారవుతుంది. గులాబీరంగు పిడి ఉన్నది 18 గేజి, దాని బయటి వ్యాసం 1.27 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం దాదాపు 0.84. ఆకుపచ్చ పిడి ఉన్న 21 గేజి బయటి వ్యాసం 0.82 కాబట్టి అది 18లో చక్కగా జారుతుంది. 21 లోపలి రంధ్రం 0.51 ఉంటుంది. గోధుమరంగు పిడి ఉన్న 26 గేజి సూది 0.46 కాబట్టి అందులో ఇముడుతుంది. కొన్ని కంపెనీల సూదులకు గోడ పలుచగా ఉండి లోపలి రంధ్రం పెద్దదిగా ఉంటుంది. అందువల్ల కోసే ముందే ఒకదానిలో ఒకటి పెట్టి చూసుకోండి.

ఒక విన్నపం. ఎంత ఆదా అయినా వాడిన సూదులను మాత్రం తీసుకోవద్దు. కొత్తవి కొన్ని రూపాయలకే వస్తాయి. కోసివేసిన వాడి కొసలను మూత ఉన్న గట్టి సీసాలో వేసి ఉంచండి, పిల్లలున్న ఇంట్లో చెత్తబుట్టలో వేయకండి.

ఇత్తడితీగ (సికింద్రాబాద్):

సూదుల సంగతి చెప్పినందుకు కృతజ్ఞతలు. నేను ఇన్నాళ్లూ ఇత్తడి గొట్టాలను బయటి నుంచి తెప్పించుకుంటున్నాను.

సూదిని కటింగ్ ప్లేయరుతో తుంచితే కొస నలిగి మూసుకుపోతుంది. గొట్టం లోపల రాగి తీగ ఒకటి దూర్చి, సన్నని త్రికోణపు ఆకురాయి అంచు కింద పెట్టి, దొర్లిస్తూ చుట్టూ గాటు పడేవరకు రుద్ది, ఆపై మెల్లగా విరిస్తే రంధ్రం గుండ్రంగా నిలుస్తుంది. ఇంత సన్నని ఆకురాళ్లు, చేతితో తిప్పే చిన్న డ్రిల్లు, 0.3 మిల్లీమీటర్ల నుంచి దొరికే బిట్లు కంసాలివారి పనిముట్లు అమ్మే దుకాణాలలో అడగండి. సాధారణ హార్డ్‌వేర్ సామానుకు మాకు రాణిగంజ్ ఉంది గాని, ఈ సన్నపనికి నేను ఎప్పుడూ కంసాలి దుకాణానికే వెళ్తాను.

పీటోను మొండేనికి నేరుగా అతికించకండి. 18 గేజి ముక్కను ముక్కు భాగం లోపల శాశ్వతంగా అతికించి, 21 గేజి నుంచి మొదలయ్యే పీటోను అందులోకి దూర్చండి. మోడల్ చేతిలో తిరుగుతున్నంతకాలం పీటోను తీసి పక్కన పెట్టుకోవచ్చు. నా మొదటి మిగ్ పీటోను మూడుసార్లు విరగ్గొట్టిన తరువాత ఈ పద్ధతికి వచ్చాను. పీటో మీద ఉండే చిన్న రెక్కల్లాంటి పలకలను చివరన, మొండేనికి రంగు వేయడం పూర్తయ్యాక పెట్టండి.

రెక్కల పైన ఉండే పలకల విషయంలో కూడా లెక్క వేసి చూడండి. కిట్‌లో అవి అర మిల్లీమీటరు ఉంటే, అసలు విమానంలో 24 మిల్లీమీటర్ల దిమ్మె అన్నమాట. కూల్‌డ్రింకు డబ్బా రేకు దాదాపు 0.1 మిల్లీమీటరు ఉంటుంది, అది చాలు. డబ్బా లోపలివైపు కూడా లక్క వంటి పూత ఉంటుంది కాబట్టి రెండువైపులా సన్నని గరుకు కాగితంతో రుద్ది తీసివేయాలి. కిట్ పలకను చెక్కివేసే ముందు దాని రూపాన్ని టేపు మీద పెన్సిలుతో అచ్చు తీసుకొని, ఆ టేపును రేకు మీద అంటించి కోయండి. రెక్క మీద సన్నని గాడి తీసి అందులో నిలబెడితేనే గట్టిగా ఉంటుంది. పైపైన జిగురుతో నిలబెడితే రంగు వేసేటప్పుడే పడిపోతుంది.

అసలు కొలత 5 మిల్లీమీటర్ల లోపు ఉన్నదేదైనా 1/48లో దాదాపు 0.1 లేదా అంతకన్నా తక్కువవుతుంది. అటువంటి వాటిని నేను చేయను, సన్నని కుంచెతో గీత గీసి వదిలేస్తాను. ఆ మాత్రం చోట వస్తువుకన్నా నీడే ఎక్కువగా కనిపిస్తుంది.

డల్లాస్‌రెక్కలు (డల్లాస్):

ఇంతకు ముందు రాసినవారితో కొంత విభేదిస్తున్నాను. ఇప్పుడు రెజిన్ (ద్రవరూపంలోని ప్లాస్టిక్) వాడే త్రీడీ ప్రింటర్లు 0.05 మిల్లీమీటర్ల పొరలతో ముద్రిస్తున్నాయి. పైలటు సీటు వంటి క్లిష్టమైన భాగాన్ని ప్లాస్టిక్ షీటుతో వారం రోజులు కూర్చొని చేయడం కన్నా, ముద్రించిన సీటు తీసుకొని ఆ సమయాన్ని మరొక చోట వెచ్చించడం మేలని నా అభిప్రాయం. కానీ పీటో, యాంటెన్నా, బ్రేకు గొట్టం వంటివి రెజిన్‌లో నిలవవు. సన్నని రెజిన్ కొన్ని నెలల్లోనే వంగిపోవడం, ముట్టుకుంటే విరగడం నా దగ్గరే జరిగింది. ఇత్తడి రేకును రసాయనంతో తొలిచి చేసే భాగాలు బెల్టు బకిల్సుకు, జల్లెడలకు అద్భుతంగా ఉంటాయి, కానీ అవి బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి గుండ్రంగా ఉండవలసిన చోట పనికిరావు. గుండ్రనిదానికి తీగ, పలుచనిదానికి రేకు, మలుపులు ఎక్కువగా ఉన్నదానికి ముద్రణ వాడడం నా పద్ధతి.

నాసిక్‌తెలుగు (నాసిక్):

సీటు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను గాని, కాక్‌పిట్‌లో డయళ్లు ఉండే ముందు పలకను మాత్రం సొంతంగా చేసుకోమని చెబుతాను. దాని మీద నిలువుగా ఒక తెల్లని గీత ఉంటుంది. విమానం స్పిన్‌లో పడినప్పుడు (గింగిరాలు తిరుగుతూ కిందికి పడిపోతున్నప్పుడు) పైలటు కంట్రోలు కర్రను నడుమకు తేవడానికి ఆ గీతే గురి. మిగ్ కాక్‌పిట్ నీలి ఆకుపచ్చరంగులో ఆ తెల్లని గీత అద్దంలోంచి చూసినా కనిపిస్తుంది. తెల్లరంగును పైన గీసేకన్నా, ముందు ఆ చోట తెల్లరంగు వేసి ఆరనిచ్చి, సన్నగా కోసిన మాస్కింగ్ టేపు అంటించి, ఆపై అసలు రంగు వేసి టేపు తీయండి. రెండు అంచులూ నిక్కచ్చిగా వస్తాయి.

మందులకొట్టు (రాజమహేంద్రవరం):

18 గేజి సూది కొసను చదునుగా రుద్ది, లోపలి అంచుకు పదును పెడితే, అది చిన్న పంచ్‌గా కూడా పనికివస్తుంది. మందుల స్ట్రిప్పు వెనుక రేకును మెత్తటి ప్లాస్టిక్ మీద పరచి నొక్కితే 0.84 మిల్లీమీటర్ల బిళ్లలు పడతాయి. 1/48లో అది ముందు పలక మీది 40 మిల్లీమీటర్ల డయలుకు సరిపోతుంది. లోపల ఇరుక్కున్న బిళ్లను వెనుక నుంచి తీగతో తోయండి.

మువ్వన్నెరెక్క (విశాఖపట్నం):

మూడు వారాల తరువాత రాస్తున్నాను. మీరు చెప్పిన పద్ధతిలో కొలిస్తే నా ఫొటోలో బ్రేకు గొట్టం 15 మిల్లీమీటర్ల దగ్గర తేలింది, అంటే స్కేలులో 0.31. జగదాంబ దగ్గరి వైండింగ్ దుకాణంలో 32 గేజి తీగ తెచ్చి, వదులుతో వంపు ఇచ్చి అమర్చాను. పక్కన పెట్టిన అసలు ఫొటోతో పోల్చి చూసినప్పుడు కలిగిన సంతోషాన్ని మాటల్లో చెప్పలేను. పీటో రెండవ ప్రయత్నంలో వచ్చింది. మొదటిసారి నాసిక్ వారు హెచ్చరించిన పొరపాటే జరిగింది. నేను దాచుకున్న ఫొటోలలో సగం ఎఫ్‌ఎల్‌వి కావడంతో రంధ్రాన్ని సరిగ్గా నడుమ తొలిచాను. దానిని పుట్టీతో పూడ్చి, కుడివైపు కొత్తది తొలిచాను.

ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. ఫెవిక్విక్‌తో కాక్‌పిట్ ముందు పలకను అతికించి, పందిరి అద్దం మూసి రాత్రంతా ఉంచితే, తెల్లవారేసరికి అద్దం లోపల తెల్లని మసక పట్టింది. మా సముద్రపు గాలి వల్లనా?

ఇత్తడితీగ (సికింద్రాబాద్):

ఆ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది. ఆరేటప్పుడు వెలువడే ఆవిరి మూసిన చోట బయటికి పోలేక అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. మీ ఊరి తేమ దానికి తోడైంది. అద్దం దగ్గర జరిగే ఏ పనికైనా ఆ జిగురు మానేసి, చెక్క అతికించే తెల్ల జిగురు వాడండి. ఇప్పుడు పట్టిన మసక పైపొర మాత్రమే అయితే, అద్దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, పాలిష్ పేస్టుతో మెత్తని గుడ్డ మీద గుండ్రంగా రుద్దితే పోతుంది. ముందు పలక అప్పటికే గట్టిగా అతికింది కాబట్టి దానిని కదపవలసిన అవసరం లేదు. అద్దం ఊడదీసేటప్పుడు మాత్రం పీటోను ముందుగా తీసి పక్కన పెట్టండి.