రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్, ఫోన్ కొనొచ్చా?

అందరికీ నమస్కారం. నేను ఇక్కడికొచ్చి రెండు వారాలైంది. క్లాసులు మొదలయ్యేలోపు ల్యాప్‌టాప్, ఫోన్ కావాలి. కొత్తవి కొంటే చేతిలో ఉన్నదంతా అయిపోతుంది. రీఫర్బిష్డ్ (ఒకరు వాడాక బాగుచేసి మళ్లీ అమ్మేవి) అంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

---

తమ్ముడూ, ల్యాప్‌టాప్ అయితే ధైర్యంగా తీసుకో. కంపెనీలు కొన్నేళ్లు వాడి మార్చేసే ఆఫీసు మోడళ్లు గట్టివి. అదే ధరకి వచ్చే కొత్త చవక ల్యాప్‌టాప్ కంటే వాటి కీబోర్డు, తెర మడిచే హింజ్‌లు ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఎవరు బాగుచేశారన్నదే ముఖ్యం. తయారీ కంపెనీ నేరుగా అమ్మితే బెంగ తక్కువ. ఆపిల్ అయితే ఏడాది వారంటీ ఇస్తుంది, ఐఫోన్‌కి కొత్త బ్యాటరీ, కొత్త బాడీ వేస్తుంది. బయటివాళ్లు రాసే 'గ్రేడ్ ఏ' ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. అది ఎక్కువగా పైన గీతల సంగతే చెబుతుంది.

నేను వచ్చిన కొత్తలో కొన్నది అద్దంలా మెరుస్తూ వచ్చింది. వైఫై కలపగానే తెర మీద ఏదో కంపెనీ పేరు, దాని కింద ఉద్యోగి ఈమెయిల్, పాస్‌వర్డ్ అడిగే గడులు! విండోస్ మళ్లీ వేసినా అదే. పాత కంపెనీ తన లిస్టులోంచి ఆ మెషీన్‌ని తీసేయలేదన్నమాట. వాపసు గడువు ఇంకా ఉండబట్టి డబ్బు తిరిగొచ్చింది.

అందుకే డబ్బా విప్పిన రోజే అన్నీ చూసుకో. కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయొచ్చు. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జ్) 50,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 30,000 చూపిస్తే 40 శాతం అరిగిపోయినట్టే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, కాబట్టి విండోస్ 11 నడిచేదే తీసుకో.

---

ల్యాప్‌టాప్ గురించి అన్నయ్య చెప్పింది నిజమే. ఫోన్‌కి మాత్రం నేను అంత ధైర్యం చెప్పలేను. *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు), బిల్లు మీది నంబరు ఒకటేనా చూడు. నెట్‌వర్క్ లాక్ (ఒకే కంపెనీ సిమ్ పనిచేసేలా కట్టడి) లేదని అమ్మేవాళ్లతో రాయించుకో, నీ సిమ్ వేసి కాల్ చెయ్యి. పాత ఓనర్ అకౌంట్ అందులోనే ఉండిపోతే ఆ ఫోన్ నీకు ఎందుకూ పనికిరాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకెన్నాళ్లు వస్తాయో కొనకముందే కనుక్కో. ఒకసారి విప్పి బిగించిన ఫోన్‌ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లకు, సీలు మునుపటిలా ఉంటుందని నమ్మలేం.

వాపసు గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఫోన్‌లో రిమైండర్ పెట్టుకో. ల్యాప్‌టాప్ రాగానే బ్యాటరీ రిపోర్ట్ అంకెలు ఇక్కడ పెట్టు, కలిసి చూద్దాం.