గిటార్ కిటుకులకు డబ్బు కట్టడం సమంజసమేనా?

బైరాగిపట్టెడ విద్యార్థి (ప్రశ్న):
నమస్కారం. తిరుపతిలో డిగ్రీ చదువుతూ ఈమధ్యనే గిటార్ మొదలుపెట్టాను. ఫ్రెట్‌బోర్డు (తీగల కింద మెట్లున్న పలక) మీది స్వరాలన్నీ, ముఖ్యమైన కార్డులన్నీ (కలిపి మోగించే స్వరాల గుంపులు) వారం రోజుల్లో గుర్తుండిపోయేలా చేస్తామని, అందుకు తమ వద్ద ప్రత్యేకమైన జ్ఞాపక సూత్రాలు ఉన్నాయని చెబుతూ ఆన్‌లైన్‌లో ఒకరు 2,999 రూపాయలు అడుగుతున్నారు. ఆ డబ్బేదో ఊళ్లోనే ఒక మాస్టారికి ఇచ్చి నేర్చుకొమ్మని ఇంట్లో అంటున్నారు. ఏది మేలో అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

అలిపిరి తంత్రి:
కట్టవద్దు. ఆ సూత్రాల్లో ఉండగలిగిన సమాచారం చాలా కొద్ది. లావు తీగ నుంచి సన్న తీగ వరకు శ్రుతులు పాశ్చాత్య స్వరాల పేర్లలో వరుసగా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఒక తీగ 5వ మెట్టు (ఫ్రెట్) మీద పలికే స్వరమే దాని పక్క తీగ ఖాళీగా మీటితే వస్తుంది; జి నుంచి బికి మాత్రం 4వ మెట్టు. బి, సి మధ్య, ఇ, ఎఫ్ మధ్య ఒక్కొక్క మెట్టే దూరం, మిగిలిన పక్కపక్క అక్షరాల మధ్య రెండేసి. 12వ మెట్టు దగ్గర ప్రతి తీగా తన పేరుకే తిరిగి వస్తుంది. ఇంతమాత్రం తెలిసినవారు ఏ మెట్టు మీద ఏ స్వరం ఉందో లెక్కగట్టుకోగలరు. సి, ఎ, జి, ఇ, డి అనే ఐదు కార్డుల ఆకారాలను మెడ పొడవునా జరుపుకుంటూ పోయే పద్ధతిని కూడా కొందరు రహస్యమన్నట్టుగా అమ్ముతున్నారు. వెతికితే అది ఉచితంగానే దొరుకుతుంది.

వీణ విద్యార్థిని:
జ్ఞాపక సూత్రాలను ఇంత తేలికగా తీసివేయడం నాకు న్యాయంగా తోచడం లేదు. మన కర్ణాటక సంగీతంలో అక్షరాలకు అంకెలు కేటాయించే కటపయాది సూత్రం ఉన్నది ఎందుకు? రాగం పేరులోని మొదటి రెండు అక్షరాలకు అంకెలు చూసుకొని, వాటిని తిరగవేస్తే మేళకర్త (ఇతర రాగాలకు మూలమైన 72 రాగాల్లో ఒకటి) సంఖ్య వస్తుంది. ధీరశంకరాభరణంలో ధీ అంటే 9, ర అంటే 2, కనుక అది 29వ మేళం. మేచకల్యాణిలో మే 5, చ 6, కనుక 65వది. శంకరాభరణానికి ధీర అని, కల్యాణికి మేచ అని ముందు చేర్చింది ఈ లెక్క కుదరడానికే. సంఖ్య తెలిస్తే ఆ రాగంలో ఏ స్వరాలు వస్తాయో కూడా తెలిసిపోతుంది. 72 మేళాలను ఇంత పొందికగా గుర్తుంచుకునే ఏర్పాటు చేసినవారు జ్ఞాపకానికి విలువ లేదనుకొని చేయలేదు కదా. పైగా, ఉచితంగా దొరికేదంతా చెల్లాచెదురుగా ఉంటుంది. దాన్ని ఒక వరుసలో పెట్టి ఇచ్చే శ్రమకు డబ్బు అడగడం తప్పు కాదు.

చిత్తూరు మాస్టారు:
కటపయాది ఉదాహరణ బాగుందమ్మా, కానీ అది మీ వాదనకన్నా, సాధనే ముఖ్యమన్న నా వాదనకే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. కల్యాణి 65వ మేళమని క్షణంలో చెప్పగలిగినవారు కూడా అందులోని ప్రతిమధ్యమాన్ని (హెచ్చు స్థాయి మ స్వరాన్ని) నిలకడగా పలికించడానికి వేరే సాధన చేయవలసిందే. అందుకే పురందరదాసు ఏర్పరచాడని చెప్పుకునే క్రమంలో సరళీ వరుసలు, జంట వరుసలు అనే తొలి అభ్యాసాలను మాయామాళవగౌళ రాగంలో మూడు కాలాల్లో (వేగాల్లో) పాడిస్తారు. మొదటి పాఠంగా కటపయాది చెప్పే గురువును నేను చూడలేదు.

గిటార్‌లో కిటుకులు రెండు రకాలు. మొదటి రకం తలకు సంబంధించినవి, అంటే పేర్లు, సంఖ్యలు, ఆకారాలు. ఎక్కాల వంటివి కనుక ఇవి ఎవరికి వారు వల్లించుకుంటే వస్తాయి. అయితే వారంలో అంతా వచ్చేస్తుందన్న మాట దగ్గర జాగ్రత్త అవసరం. అర్థం లేని అక్షరాల జాబితాలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచిన జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించినదేమిటంటే, నేర్చిన కొద్దిసేపటిలోనే మరుపు వేగంగా మొదలవుతుంది, ఒక్కసారిగా బట్టీ పట్టినదానికన్నా రోజుల మీద పంచుకొని చదివినది ఎక్కువగా నిలుస్తుంది. ఆ పంచుకోవడానికి ఒక నోటు పుస్తకం చాలు.

రెండవ రకం చేతికి సంబంధించినవి, వీటికి నిజమైన విలువ ఉంది. సి కార్డు నుంచి ఎ మైనరుకు మారేటప్పుడు కొత్తవారు మూడు వేళ్లనూ ఎత్తివేస్తారు; నిజానికి చూపుడు వేలు, నడిమి వేలు ఉన్నచోటనే ఉంటాయి, ఉంగరపు వేలు ఒక్కటే (తీగలను సన్న తీగ నుంచి లెక్కిస్తే) ఐదవ తీగ 3వ మెట్టు నుంచి మూడవ తీగ 2వ మెట్టుకు రావాలి. అదే ఎ మైనరు ఆకారాన్ని ఉన్నదున్నట్టుగా ఒక తీగ పైకి, అంటే లావు తీగ వైపు జరిపితే ఇ మేజరు అవుతుంది. స్ట్రమ్మింగ్‌లో (తీగలన్నిటినీ లయగా మీటడంలో) తడబడేవారికి నేను మృదంగం సొల్లే (నోటితో పలికే తాళాక్షరాలే) చెప్పిస్తాను: నోటితో తకధిమి అంటూ, త, ధి అక్షరాలకు చేయి కిందికి, క, మి అక్షరాలకు పైకి. మన పిల్లలకు ఇది అంకెలు లెక్కపెట్టడం కంటే త్వరగా పట్టుబడుతుంది. ఇవన్నీ ఇక్కడే రాసేశాను కనుక వీటికీ డబ్బు అక్కరలేదని మీరు అనవచ్చు. కానీ మీ ఎఫ్ కార్డులో మొదటి తీగ ఎందుకు మూగగా ఉందో, చూపుడు వేలు మెట్టుకు దూరంగా పడడం వల్లనా, మణికట్టు లోపలికి మడవడం వల్లనా అన్నది ఎదురుగా కూర్చుని చూసేవారు చెప్పాలి. నన్నడిగితే డబ్బు కట్టవలసింది ఆ చూపుకు, ఆ వినికిడికి. వేలికొనలు గట్టిపడడానికి మాత్రం ఎవరి వద్దా ఏ కిటుకూ లేదు.

వీణ విద్యార్థిని:
చూపు గురించి మీరన్నది ఒప్పుకుంటాను, మాస్టారూ. కానీ పలమనేరు దగ్గర మా పల్లెలో గిటార్ నేర్పేవారు లేరు. మా తమ్ముడి వంటివారికి ఆ వరుస కూడా లేకపోతే రెండు నెలల్లో గిటార్ మూలకు చేరుతుంది. అటువంటివారు కొంత డబ్బు పెట్టి ఒక క్రమం కొనుక్కోవడాన్ని నేను ఇప్పటికీ సమర్థిస్తాను.

చిత్తూరు మాస్టారు:
అటువంటివారికి క్రమం అవసరమే, అందులో మన మధ్య తగాదా లేదు. డబ్బు కట్టే ముందు ఒక్క ప్రశ్న అడగమనండి: మేము వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి పంపితే విని తప్పులు చెబుతారా? చెబుతామంటే కొనవచ్చు. జ్ఞాపక సూత్రాలే ఇస్తామంటే వద్దు.

బైరాగిపట్టెడ విద్యార్థి:
ఆ ప్రశ్న అడిగాను. ముందే రికార్డు చేసిన వీడియోలు తప్ప మరేమీ ఉండవని జవాబు వచ్చింది కనుక కట్టడం లేదు. వచ్చే వారం ఊళ్లో మాస్టారి వద్ద చేరుతున్నాను. ఈలోగా సి, ఎఫ్, జి వచ్చే పాట ఒకటి వాయించాలని ఉంది, ఎఫ్ మాత్రం పలకడం లేదు. ఏదైనా దారి ఉందా సార్?

చిత్తూరు మాస్టారు:
ఉంది. కేపోను (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పును) 5వ మెట్టు మీద బిగించి, సి బదులు జి ఆకారం, ఎఫ్ బదులు సి ఆకారం, జి బదులు డి ఆకారం పట్టుకోండి. మోగేవి మీకు కావలసిన కార్డులే. అలాగని ఎఫ్‌ను పూర్తిగా వదిలివేయవద్దు. రోజూ కొద్దిసేపు సన్నని నాలుగు తీగల మీద చిన్న ఎఫ్ పట్టుకొని ఒక్కొక్క తీగా విడిగా మీటి వినండి, మూగబోయిన తీగ ఏదో గుర్తుపెట్టుకొని మీ మాస్టారికి మొదటి రోజే చూపించండి.