గుదిబండ అంటే రాయా, కర్రా?

కలువపూలు అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మేము పుణెలో ఉంటాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో తెలుగు లేదు కాబట్టి ఆదివారాలు నేనే కూర్చోబెట్టుకుని తెలుగు పేపర్ చదివిస్తాను. మొన్న అప్పుల గురించిన వార్త హెడ్డింగ్‌లో 'గుదిబండ' అని వచ్చింది. "అమ్మా, అంటే ఏంటి?" అంది. మెడకు కట్టే పెద్ద రాయి, మోయలేని బరువు అని చెప్పేశాను. తను బొమ్మ కూడా వేసింది: మనిషి మెడలో తాడు, తాడుకు బండరాయి. ఆ బొమ్మ ఫోటో తీసి మా అత్తగారికి పంపిస్తే వెంటనే ఫోన్ చేశారు. "అది రాయి కాదమ్మా, కర్ర. మనిషికి కాదు, గొడ్డుకి కడతారు" అన్నారు. ఆవిడది కృష్ణా జిల్లాలో పల్లెటూరు. నేను పుట్టి పెరిగింది విశాఖపట్నంలో, క్వార్టర్స్‌లో. బండ అంటే రాయే కదా, కర్రను బండ అని ఎందుకంటారు? 'ముందరికాళ్ళకు బంధం' అన్నా ఇదేనా? పిల్లకు తప్పు నేర్పించానేమోనని మనసు పీకుతోంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

తీరిక:

బండ అంటే రాయేనండి. బండరాయి, చాకిరేవు బండ అంటాం కదా. వాడుకలో మాత్రం వదిలించుకోలేని భారం అని అర్థం. పేపర్లోనూ ఆ అర్థంతోనే రాస్తారు. మీరు చెప్పింది సరిపోతుంది.

చెరువుగట్టు:

అమ్మా, మీ అత్తగారు చెప్పిందే నిజం. అది కర్రే. 'గుదికొయ్య' అని కూడా అంటారు, కొయ్య అంటే కర్రే కదా. ఇక బండ సంగతి. మీ ఇంట్లో రోకలిబండ అనే మాట వినే ఉంటారు. రోకలి రాయితో చేస్తారా? కొయ్యతోనే. అయినా రోకలిబండ అంటాం. గుదిబండలో బండ కూడా అలాంటిదే, లావుపాటి మొద్దు.

మాది కందుకూరు దగ్గర ఊరు. 1978లో నాకు పదేళ్ళు. మా ఇంట్లో ఒక ఎర్రావు ఉండేది. పాలు బాగా ఇచ్చేది, పిల్లలం మీద పడి ఆడుకున్నా ఏమీ అనేది కాదు. కానీ మేతకు తోలితే మందలో నిలిచేది కాదు. తల ఎత్తి గాలి పీల్చి ఒక్క పరుగు తీసేది, కంచె దూకి ఎవరి జొన్న చేలోనో పడేది. రెండుసార్లు బందెలదొడ్డికి తోలుకుపోయారు. రుసుము కట్టి విడిపించుకుని వచ్చాం. (పరాయి చేలో పడ్డ పశువును పట్టి దొడ్డిలో పెట్టే చట్టం 1871 నాటిది. దొడ్డి అనే మాట పిల్లలకు ఇప్పుడు వేరే అర్థంలో తెలుసు, అందుకని చెబుతున్నాను.)

రుసుము కన్నా మా తాతకు జొన్న అంటేనే భయం. వాన లేక వడలిన లేత జొన్న గానీ, కోసిన మోళ్ళ నుంచి లేచిన పిలకలు గానీ మేస్తే గొడ్డుకు 'నాము' తగులుతుంది. పొట్ట ఉబ్బి, కింద పడి కొట్టుకుని, వైద్యం అందేలోపే ప్రాణం పోతుంది. అంతకు ముందు ఏడాదే మా వీధిలో ఒకరి గేదె అలా పోయింది. దాన్ని లాక్కెళ్ళే బండి వెనక ఆ ఇంటి ఆడవాళ్ళు ఏడుస్తూ నడవడం నేను చూశాను.

అప్పుడు తాత గుదిబండ చేశాడు. నల్లతుమ్మ కొమ్మ, నా ముంజేతికన్నా లావు, మూర పైన జానెడు పొడుగు. బెరడంతా బాడిసెతో చెక్కాడు. ఒక కొసకు దగ్గరగా ఎర్రగా కాల్చిన ఇనుపచువ్వతో బెజ్జం వేశాడు. పొగ కళ్ళకు కొడుతుంటే నేను పక్కనే కూర్చుని చూశాను. ఆ బెజ్జంలో తాడు దూర్చి ఆవు మెడపలుపుకు కట్టాడు. కింది కొస మోకాళ్ళకు కొంచెం దిగువదాకా రావాలి. అంతకన్నా పైన ఉంటే పని చేయదు, కింద ఉంటే నేల మీద ఈడ్చుకుపోతుంది. ఆ కొలత కోసం మూడుసార్లు ముడి విప్పి మళ్ళీ వేశాడు.

అసలు కిటుకు ఇదే, పాపకు ఇది చెప్పండి. గుదిబండ బరువు మోయించడానికి కాదు. ఆవు నెమ్మదిగా నడిస్తే అది ఊరికే ఊగుతుంది. వంగి గడ్డి మేయవచ్చు, నీళ్ళు తాగవచ్చు, పడుకోవచ్చు. పరుగు తీయబోతే మాత్రం ముందరికాళ్ళకు టపటపా తగులుతుంది, ఆగిపోతుంది. అప్పుకు ఈ మాట సరిగ్గా అతుకుతుందని నాకు అనిపిస్తుంది. అప్పున్నవాడు తింటాడు, తిరుగుతాడు, పెళ్ళిళ్ళకూ వెళతాడు. నాలుగడుగులు గబగబా వేద్దామంటేనే అది కాళ్ళకు తగులుతుంది. 'భారం' అని ఒక్క ముక్కలో చెబితే ఇదంతా పోతుంది.

ముందరికాళ్ళ బంధం వేరు. అక్కడ కర్ర ఉండదు, రెండు ముందరికాళ్ళనూ దగ్గరగా చేర్చి తాడుతో కడతారు. మా చెరువుగట్టున చాకలివాళ్ళ గాడిదలు అలాగే మేసేవి, రెండు కాళ్ళూ ఒక్కసారే ఎత్తి గెంతుతూ కదిలేవి. వాడుకలో కూడా తేడా ఉంది. మీరు డబ్బు సర్దమని అడగడానికి వెళ్ళారు, నోరు తెరవకముందే అవతలివాళ్ళు "ఈ నెల మాకే కష్టంగా ఉంది" అన్నారు. అదీ ముందరికాళ్ళకు బంధం వేయడం, అడుగు పడకముందే ఆపడం. గుదిబండ నడవనిస్తుంది, పరిగెత్తనివ్వదు.

ఇంకొక్క మాట. ఒక సాయంత్రం మంద తిరిగి వచ్చింది, ఎర్రావు రాలేదు. గుదిబండ టకటకా చప్పుడుతోనే అది వీధి మలుపు తిరిగిందని మా అమ్మకు తెలిసేది. ఆ రోజు ఆ చప్పుడు లేదు. లాంతరు పట్టుకుని తాతా నేనూ వెతుక్కుంటూ పోయాం. వాగు ఒడ్డున రెండు రాళ్ళ మధ్య ఆ కర్ర అడ్డంగా ఇరుక్కుని, తల పైకి ఎత్తలేక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. తాత కొడవలితో తాడు కోశాడు. కాళ్ళ మీద చర్మం లేచిపోయి ఉంది. ఇంటికి వచ్చాక పసుపూ వేపాకూ నూరి పట్టించాడు. అన్నం తినలేదు. మళ్ళీ గుదిబండ కట్టలేదు. మేతకు తనే వెంట వెళ్ళేవాడు, డెబ్బై ఏళ్ళ వయసులో.

ఎడ్లబాట:

పెద్దాయన చాలా బాగా చెప్పారు. మాది జనగామ దిక్కు. పశువును కట్టే తాడును మేము తలుగు అంటాం, ఆయన పలుపు అన్నారు. పిల్లలకు ఇట్లాంటి మాటలు ఒకేసారి చెబితే బాగా గుర్తుంటాయి. అందరినీ 'ఒకే గాటన కట్టడం' అంటాం కదా, గాటన అంటే పశువులను కట్టేసే చోట అని. 'పగ్గాలు చేపట్టడం', 'ధరలకు కళ్ళెం', 'ముకుతాడు వేయడం' అన్నీ కొట్టంలో నుంచి పేపర్లోకి వచ్చినవే. మీ పాపకు ఈ వారం అదే పేపర్లో ఇంకెన్ని దొరుకుతాయో వెతకమని చెప్పండి అక్కా.

పాలకేంద్రం:

పశువైద్యశాలలో చాలా ఏళ్ళు పని చేశాను. నాము గురించి చెప్పింది అక్షరాలా నిజం, లేత జొన్నలో సైనైడ్ విషం పుడుతుంది. అలా అని ఎవరూ ఇప్పుడు గుదిబండ కట్టకండి. కర్ర తగిలిన చోట పుండు పడుతుంది, ఈగ వాలితే పురుగులు పడతాయి. అలాంటి కాళ్ళు కడిగి కట్టు కట్టాను కాబట్టి చెబుతున్నాను. మరీ పొట్టిగా ఉన్న తాడుతో గానీ మరీ బరువైన గొలుసుతో గానీ పశువును గంటలకొద్దీ కట్టి ఉంచడం 1960 నాటి జంతు క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. గొడ్డు కంచె దూకుతుంటే ముందు కొట్టంలో మేత చాలుతోందో లేదో చూడండి.

కలువపూలు:

అందరికీ చాలా థాంక్స్. చెరువుగట్టు బాబాయ్ గారూ, మీరు రాసింది పాపకు చదివి వినిపించాను. వాగు దగ్గరి సంగతి వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది, మిగతాది తనే కూడబలుక్కుని చదువుకుంది. పాత బొమ్మ చింపేసి కొత్తది మొదలుపెట్టింది. కర్ర రెండు కాళ్ళ మధ్య వేయాలా, పక్కకు వేయాలా అని అడగమంటోంది. ఎర్రావుకు పేరు ఏమైనా ఉందా అని కూడా.

చెరువుగట్టు:

కాళ్ళ మధ్యే అమ్మా, నడిచేటప్పుడు కొంచెం ఎడమకు వాలేది. పేరు గౌరి. కుడి చెవి కొస చీలి ఉండేది, చిన్నప్పుడు ముళ్ళకంచెలో ఇరుక్కుని చీలింది. అది కూడా వేయమనండి. బొమ్మ అయ్యాక ఇక్కడ పెట్టండి, మా అక్కయ్యకు చూపిస్తాను.