నాయనకు వైల్డ్‌బీస్ట్‌ల వలస చూపించాలి, మే నెలలో వెళ్తే కనిపిస్తాయా?

జడ్చర్ల_అబ్బాయి:
అందరికీ నమస్తే. మా నాయనకు 64 ఏళ్ళు, నలభై ఏళ్ళు జీవాలు కాచిన మనిషి. నా చిన్నప్పుడు యాసంగి కోతలు అయ్యేసరికి మా ఊళ్ళో గడ్డీ నీళ్ళూ రెండూ అయిపోయేవి, మందను తోలుకుని నడుచుకుంటూ మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింది పొలాలకు పోయేవాడు. కోసిన మళ్ళలో రాత్రి మంద పెడితే రైతులు వడ్లు ఇచ్చేవాళ్ళు. మిరుగు వానలు పడితేనే మళ్ళీ ఇంటి ముఖం చూసేది. మోకాళ్ళ నొప్పులు ఎక్కువై మూడేళ్ళ కింద జీవాలు అమ్మేశాం. మొన్న టీవీలో ఆఫ్రికా వైల్డ్‌బీస్ట్‌లు (ఆవుల్లా మందలుగా తిరిగే అడవి జంతువులు) నది దాటడం వస్తుంటే తినే పళ్ళెం పక్కన పెట్టి చూశాడు. "ఇవి కూడా మేత కోసమే పోతున్నాయి కదరా, మరి తోలేదెవరు?" అని అడిగాడు. అప్పటి నుంచి ఎలాగైనా తీసుకుపోయి చూపించాలని ఉంది. పిల్లలకు సెలవులు మేలోనే. ఆ నెలలో కెన్యాలో మసాయి మారా వెళ్తే నది దాటడం చూడొచ్చా? మేలో అయితే రేటు బాగా తక్కువని ట్రావెల్స్ అతను అంటున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

నల్గొండ_టీచర్:
తమ్ముడూ, మేలో మారాకు మాత్రం వద్దు. అక్కడ మార్చి చివర నుంచి మే దాకా పెద్ద వానలు, దారులన్నీ బురద, రేటు తక్కువ ఉండేది అందుకే. పైగా అప్పటికి మందలు మారాకే రావు, ఇంకా టాంజానియాలోనే సెరెంగెటి మధ్య, పడమర భాగాల్లో ఉంటాయి. జూన్‌లో గ్రుమెటి నది దాటి, జూలై నుంచి అక్టోబర్ దాకా ఉత్తరాన మారా నది చుట్టుపక్కల తిరుగుతాయి, నవంబర్‌లో చిన్న వానలు మొదలవగానే మళ్ళీ దక్షిణానికి. వానను బట్టి నడిచేవే కాబట్టి రెండు మూడు వారాలు అటూ ఇటూ అవుతుంది.

నేను, మా ఆయన ఆగస్టులో వెళ్ళాం. మొదటి రోజు ఒడ్డున నాలుగు గంటలు కూర్చున్నాం, ఒక్కటీ దిగలేదు. రెండో రోజు ముందున్నవి నీళ్ళలో కాళ్ళు పెట్టాయి, అవతలి ఒడ్డున ఏదో కదిలింది, అంతే, మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ వెనక్కి తిరిగింది. చుట్టూ నలభై దాకా జీపులు. ఎక్కడంటే అక్కడ బండి దిగనివ్వరు, మీ నాయన మోకాళ్ళతో అంతసేపు కూర్చోగలడా అన్నది ఆలోచించు.

ఇంకొకటి, మారాలో జూలై నుంచి డిసెంబర్ దాకా ప్రవేశ రుసుమే విదేశీయులకు మనిషికి రోజుకు 200 డాలర్లు, అదీ పొద్దున 6 నుంచి సాయంత్రం 6 వరకే. ప్యాకేజీలో కలిసి ఉందో లేదో రాయించుకో. మాకు బుక్ చేసినాయన గేటుకు చాలా దూరంగా లాడ్జి ఇచ్చాడు, రోజూ గంటకు పైగా లోపలికి వెళ్ళడానికే పోయింది, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

దేవరకొండ_పశువైద్యుడు:
టీచరమ్మ చెప్పింది నిజం. నేనైతే ఇంకో మాట చెప్తాను. నది దాటడం గురించి మర్చిపోండి, మీ నాయనను ఫిబ్రవరిలో టాంజానియాలోని న్డుటుకు తీసుకుపోండి. అప్పుడు అవి ఈనుతాయి.

సెరెంగెటికి దక్షిణాన ఉన్న ఆ మైదానంలో గడ్డి జానెడు కూడా ఎదగదు. అగ్నిపర్వతాల బూడిద పడి తయారైన నేల, అందుకే ఆ గడ్డిలో కాల్షియం, ఫాస్ఫరస్ ఎక్కువ, చూడివాటికీ పాలిచ్చేవాటికీ కావాల్సింది అదే. వానలు ఆగితే మాత్రం అక్కడ తాగడానికి నీళ్ళుండవు, కాబట్టి ఉత్తరానికి నడవక తప్పదు. పాలమూరు జీవాలు కాలువ కిందికి పోయినట్టే. వైల్డ్‌బీస్ట్‌లు 13 లక్షల దాకా ఉంటాయని చాలాకాలంగా చెప్తున్న లెక్క. ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లోనే ఈనేస్తాయి. అన్ని దూడలు ఒకేసారి పుడితే సింహాలూ హైనాలూ ఎన్నని తింటాయి?

నేను చూసిన ఒక ఈత చెప్తాను. మా బండికి ముప్పై అడుగుల్లో ఒక తల్లి పడుకుంది, లేచింది, మళ్ళీ పడుకుంది. ముందు రెండు గిట్టలు, వాటి మీద మూతి, మన ఆవులకు వచ్చినట్టే. దూడ నేల మీద పడగానే తల్లి నాకడం మొదలుపెట్టింది. ఒళ్ళంతా తడి, లేత గోధుమ రంగు. లేవబోయి ముందుకు పడింది, పక్కకు పడింది, మూడోసారి నాలుగు కాళ్ళూ వెడల్పుగా పెట్టి నిలబడింది. వాచీ చూసుకున్నాను, పది నిమిషాలు కాలేదు. తల్లికి మాయ ఇంకా వేలాడుతూనే ఉంది, అప్పటికే దూడతో మంద వైపు నడక మొదలుపెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఈతలు చూస్తున్నవాణ్ణి, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మీ నాయనకు ఇది విడమరిచి చెప్పాల్సిన పనే ఉండదు.

మేతలో వరస కూడా గమనించమనండి. జీబ్రాలు ముదురు గడ్డి పైన కొరుక్కుపోతాయి, వెనక వైల్డ్‌బీస్ట్‌లు ఆకు మేస్తాయి, ఆ తర్వాత వచ్చే లేత చిగురు చిన్న జింకలకు. న్డుటు సెరెంగెటి పార్కు పక్కనే ఉన్న న్గొరొంగొరో రక్షిత ప్రాంతం పరిధిలోది కాబట్టి అక్కడ బండి దారి వదిలి గడ్డిలోకి పోనిస్తారు, సెరెంగెటి పార్కులో అయితే కుదరదు. హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో అడిస్ అబాబా మీదుగానో కిలిమంజారో విమానాశ్రయంలో దిగితే సరి.

ముఖ్యమైనది ఎల్లో ఫీవర్ టీకా. మీరు వెళ్ళే దారికి అది అవసరమో కాదో ముందు కనుక్కోండి, అవసరమైతే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకుని కార్డు తెచ్చుకోవాలి, లేకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కానీ 60 దాటినవాళ్ళకు మొదటిసారి వేస్తే రిస్క్ కొంచెం ఎక్కువ, కాబట్టి టికెట్ల కంటే ముందు డాక్టర్‌ను కలవండి. మలేరియా మాత్రల గురించీ అప్పుడే అడగండి.

జడ్చర్ల_అబ్బాయి:
సార్, మీరు రాసింది ఫోన్‌లో నాయనకు చదివి వినిపించాను. దూడ లేచిన దగ్గర ఆపి మళ్ళీ చదవమన్నాడు. ఫిబ్రవరికే ఖాయం చేస్తున్నాం, నాయనా నేనూ మాత్రమే. పిల్లలకు పరీక్షలు, వాళ్ళను ఇంకోసారి తీసుకుపోతా. వచ్చే సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఒక డౌట్, నాయన తన గొంగడి తెచ్చుకుంటానంటున్నాడు, అమ్మ చింతకాయ తొక్కు కట్టిస్తానంటోంది. పర్వాలేదా?

దేవరకొండ_పశువైద్యుడు:
రెండూ తీసుకుపోండి. తొక్కు స్టీలు డబ్బాలో మూత గట్టిగా పెట్టి చెకిన్ బ్యాగులో వేయండి, టాంజానియాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2019 నుంచి నిషేధం. న్గొరొంగొరోలో పాత అగ్నిపర్వత బిలం అంచు 2,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది, తెల్లవారుజామున వణుకు పుడుతుంది, గొంగడి బాగా పనికొస్తుంది. పగలు చెట్లున్న చోట్ల తిరిగేటప్పుడు మాత్రం కప్పుకోవద్దని చెప్పండి, నలుపు, ముదురు నీలం కనిపిస్తే త్సెత్సీ ఈగలు వచ్చి వాలతాయి, గట్టిగా కుడతాయి. మడిచి సీటు మీద వేస్తే ఆ గతుకుల్లో నడుముకు ఆసరాగా కూడా ఉంటుంది.