పది తర్వాత ఏంటి? పల్లె బడుల్లో కెరీర్ గైడెన్స్ నడిపినవాళ్లు చెప్పండి

ఆనందపురం మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది ఆనందపురం మండలంలో ఒక జెడ్పీ హైస్కూలు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకి ఒక పూట కెరీర్ గైడెన్స్ పెట్టే బాధ్యత హెచ్ఎం గారు నాకు అప్పజెప్పారు. ఏమవుతారని పిల్లల్ని అడిగితే పోలీసు, టీచరు, మిలట్రీ, సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకో మాట రావడం లేదు. గంట ప్రయాణంలో షిప్‌యార్డు, పోర్టు, స్టీల్ ప్లాంటు ఉన్నాయి. వాటి లోపల ఎవరు ఏ పని చేస్తారో వీళ్లకి ఎవరూ చెప్పలేదు. శాలువాలు, ఉపన్యాసాలతో పూట గడిచిపోవడం నాకిష్టం లేదు. ఎవర్ని పిలవాలి? ఏం చెప్పించాలి?

గాజువాక ఫిట్టర్:
మాస్టారూ, పెద్ద ఆఫీసర్లకన్నా ముందు పని చేసేవాళ్లని పిలవండి. నేను కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ చేసి, అప్రెంటిస్ అయి, ఇప్పుడు ఒక కంపెనీలో చేస్తున్నాను. మా మేనమామ గారి ఊరి బడికి వెళ్లినప్పుడు మందం కొలిచే వెర్నియర్ కాలిపర్, రెండు బోల్టులు, ఒక బేరింగు పట్టుకెళ్లాను. ఐదు రూపాయల బిళ్ల మందం కొలవమంటే పిల్లలు బెంచీలెక్కి మీదికొచ్చేశారు. వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి మూడుసార్లు కొలిచి, "మూడోసారి వేరేగా వచ్చింది, ఎందుకండీ?" అని అడిగింది. నాకు ఆ ప్రశ్న చాలు. కాలిపర్ దవడలు ఎంత నొక్కి పట్టాలో ఆ పిల్లకి చేతిలో పెట్టి చూపించాను.

విషయానికొస్తే, వెల్డర్ ట్రేడు ఏడాది. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. ఐటీఐ అయ్యాక ఇక్కడి నేవల్ డాక్‌యార్డు అప్రెంటిస్ స్కూలుకి పరీక్ష రాసుకోవచ్చు. అప్రెంటిస్‌గా ఉన్నంతకాలం స్టైపెండ్ వస్తుంది. "చదువు రానివాళ్లకే ఐటీఐ" అనే మాట మాత్రం ఎవరినీ అననివ్వకండి, టీచర్లని కూడా.

పెందుర్తి అమ్మ:
తల్లిదండ్రుల్ని పిలవకపోతే సగం పని కూడా అవ్వదండీ. పిల్లలు ఇంటికెళ్లి పాలిటెక్నిక్ అంటారు, నాన్న "అదేంటి, ఎంపీసీ కాదా?" అంటాడు, అక్కడితో సరి. పగలు పెడితే కూలి పోతుందని రారు. సాయంత్రం ఆరు దాటాక పెట్టండి, టీ ఇవ్వండి.

ఇంకో సంగతి. పరీక్షలు అవ్వకముందే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చేస్తారు. మా పెద్దాడికి సీటు ఖాయం అని అడ్వాన్సు కట్టించుకున్నారు. తర్వాత వేరే చోట చేర్పిస్తామంటే ఆ డబ్బు తిరిగి రాలేదు, ఒరిజినల్ సర్టిఫికెట్ల కోసం ఎన్నోసార్లు తిప్పారు. అందుకే ఈ మీటింగు సంక్రాంతి దాటనివ్వకండి. అడ్వాన్సు ఎవరికీ ఇవ్వొద్దని, ఒరిజినల్స్ అడ్మిషన్ తేలేదాకా చేతిలోంచి వదలొద్దని గట్టిగా చెప్పండి.

ట్రిపుల్ఐటీ అక్క:
నేను పల్లెటూరి సర్కారు బడిలో చదివి శ్రీకాకుళం ట్రిపుల్ఐటీకి వెళ్లాను. ఆ దారి ఉందని మా లెక్కల సార్ చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఈ ట్రిపుల్ఐటీలన్నీ ఆర్జీయూకేటీ అనే యూనివర్సిటీవి, అందులో పదో తరగతి మార్కుల మీదే సీటు. ఆరేళ్ల కోర్సు, మొదటి రెండేళ్లు పీయూసీ (అంటే ఇంటర్ లాంటిది), తర్వాత నాలుగేళ్లు బీటెక్. రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ బడి పిల్లలకి మార్కులకి 4 శాతం అదనంగా కలుపుతారు. ఈ మాట తొమ్మిదో తరగతిలోనే వినాలి. పదిలో ఫలితాలొచ్చాక విని ఏం లాభం?

పాలిటెక్నిక్ ఎంట్రన్స్ పాలిసెట్ గురించి భయం తీసేయండి. 120 ప్రశ్నలు, రెండు గంటలు, అన్నీ పదో తరగతి లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీలోంచే. మూడేళ్ల పాలిటెక్నిక్ డిప్లొమా అయ్యాక ఈసెట్ అనే ఎంట్రన్స్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. "డిప్లొమా చేస్తే ఇంజినీరింగ్ పోయినట్టేనా?" అని ప్రతి బడిలోనూ అడుగుతారు. జవాబు బోర్డు మీద బొమ్మ గీసి చూపిస్తే తల్లిదండ్రుల మొహాల్లో టెన్షన్ తగ్గుతుంది.

భీమిలి తీరం:
మా వైపు బడుల్లో సగం మంది మత్స్యకారుల పిల్లలు. వాళ్లకి సముద్రం కొత్త కాదు, కానీ దాని మీద చదువు ఉందని తెలియదు. వైజాగ్‌లోనే సిఫ్‌నెట్ యూనిట్ ఉంది, చేపల వేట ఓడల పనులు నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ. పది పాసైనవాళ్లకి వెసెల్ నావిగేటర్ (ఓడ నడిపే పని), మెరైన్ ఫిట్టర్ (ఓడ ఇంజిన్ల పని) కోర్సులు రెండేళ్లు. లెక్కలు, సైన్సులో మార్కులు చూస్తారు. నేవీలో అగ్నివీర్ ఎంఆర్ (మెట్రిక్ రిక్రూట్) ఉద్యోగానికి కూడా పది చాలు.

మర్చంట్ నేవీ (సరుకు ఓడల ఉద్యోగాలు) పేరు చెప్పి లక్షలు అడిగే ఏజెంట్లు మా ఊళ్లలో తిరుగుతుంటారు. కేంద్రంలో ఓడల శాఖ డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న సంస్థ అవునో కాదో చూడకుండా రూపాయి కట్టొద్దని చెప్పండి. అప్పు చేసి కట్టి, ఓడ ఎక్కకుండానే వెనక్కొచ్చిన కుర్రాళ్లని చూశాను. కడుపు తరుక్కుపోతుంది.

పాడేరు టీచర్:
అందరూ కోర్సుల గురించే చెప్తున్నారు. మా దగ్గర పిల్లలు మొదట అడిగేది కోర్సు కాదు, దూరం. హాస్టల్ ఉందా, బస్సు ఎన్ని గంటలకి, ఆదివారం ఇంటికి రావచ్చా అని. ఆడపిల్లల సంగతి మరీను. కాలేజీ దూరమైతే చదువు ఆగిపోతుంది, చదువు ఆగితే పెళ్లి మాటలు మొదలవుతాయి. అందుకే ప్రతి కాలేజీ పేరు పక్కన హాస్టల్ ఉందో లేదో, ఏ బస్సు ఎక్కాలో రాసి పెట్టండి. మా బడిలో చార్టు మీద రాసి వరండాలో అంటించాం. పేరెంట్స్ మీటింగుకి వచ్చిన నాన్నలు ఆ చార్టు ముందే ఎక్కువసేపు నిలబడ్డారు.

సచివాలయం డిజిటల్:
ఎవరూ సర్టిఫికెట్ల మాట ఎత్తలేదు. కాలేజీ సీట్ల కౌన్సెలింగ్ రోజుల్లో మా సచివాలయం ముందు క్యూ చూస్తే ఏడుపొస్తుంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీయించండి. నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మధ్యలో బడి మారిన పిల్లలు ఇక్కడే ఇరుక్కుపోతారు. ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. పదో తరగతి పరీక్షకి నామినల్ రోల్స్ (పిల్లల వివరాల జాబితా) పంపేముందే సరిచూడండి మాస్టారూ. మీటింగు రోజు ఒక బల్ల దీనికే పెట్టండి, మా డిజిటల్ అసిస్టెంట్లలో ఒకర్ని అడిగితే వస్తారు.

విజ్జీ కౌన్సెలర్:
ఆప్టిట్యూడ్ టెస్టు కూడా పెడితే బాగుంటుంది కదా? పిల్లలకి ఏది నప్పుతుందో తెలుస్తుంది.

పాడేరు టీచర్:
మేడమ్, మా పిల్లలు చూడని పనుల గురించి ప్రశ్నలడిగితే ఏ గడిలో టిక్ పెడతారు? ముందు చూపించాలి. టెస్టు తర్వాత ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.

ఆనందపురం మాస్టారు:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. డిసెంబర్ చివరి వారంలో, సాయంత్రం ఆరున్నరకి పెడుతున్నాను. ఉపన్యాసాలు లేవు. తరగతి గదికొకరు: ఒక ఫిట్టరు, ఒక నర్సు, పాలిటెక్నిక్ చదువుతున్న మా పాత విద్యార్థిని, వ్యవసాయ శాఖ నుంచి ఒకరు. మాది పూలతోటల ఊరు, అగ్రికల్చర్ పాలిటెక్నిక్ గురించి చాలామంది అడుగుతారు. పిల్లలు గుంపులుగా గది నుంచి గదికి తిరుగుతారు, అమ్మానాన్నలు వాళ్ల వెంటే. ఎనిమిదో తరగతిని కూడా కూర్చోబెడతాను. ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్పు పరీక్ష వాళ్లదే, గెలిస్తే ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లు స్కాలర్‌షిప్పు. ఒకటే వెలితి. ఎలక్ట్రీషియన్ గానీ వెల్డర్ గానీ చేసిన ఆడపిల్ల ఎవరైనా దొరికితే బాగుణ్ణు. ఎవరికైనా తెలుసా?

గాజువాక ఫిట్టర్:
మా కంపెనీ వర్క్‌షాపులో ఒక చెల్లి వెల్డింగ్ చేస్తుంది, చోడవరం వైపు పల్లె నుంచే వచ్చింది. అడిగాను, వస్తానంది. పగటి డ్యూటీ (జనరల్ షిఫ్టు) అయ్యాక నేనే బండి మీద తీసుకొస్తాను. హెల్మెట్, గ్లౌజులు, అతికించిన ప్లేటు ముక్కలు తెస్తాం. కరెంటు పాయింటు అక్కర్లేదు, ఒక బల్ల చాలు.