‘పరిమాణాత్మక’ అంటే మెదడు సైజా?

బ్రాడీపేట:
పార్కిన్సన్స్ రోగుల ఇంటివాళ్ల కోసం గుంటూరులో ఒక కరపత్రం వేస్తున్నారు, భాష దిద్దే పని నాకు పడింది. అందులో ‘తొలిదశ పార్కిన్సన్స్‌లో పరిమాణాత్మక మెదడు చిత్రణ’ అని ఉంది. ఒక పెద్దావిడకు చదివి వినిపిస్తే, ‘అయితే ఆయన మెదడు చిన్నదైపోతోందా నాయనా?’ అని కంగారుపడింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? పరిమాణం అనగానే ఎవరికైనా సైజే తడుతుంది. గుణాత్మక విశ్లేషణ, పరిమాణాత్మక విశ్లేషణ అని కెమిస్ట్రీలో చదువుకున్నవాళ్లకే అందులో ‘ఎంత’ అనే అర్థం వినబడుతుంది. వేరే మాట చెప్పండి.

అరండల్‌పేట:
వాసికి జోడీగా రాశి ఉందిగా! భౌతిక రాశి అని ఫిజిక్సులో అంటూనే ఉన్నాం. ‘రాశి చిత్రణ’ అనండి.

బ్రాడీపేట:
బాగుంది మాస్టారూ. కానీ ఆస్పత్రిలో ‘రాశి’ అని కనబడితే మేషమా వృషభమా అని అడుగుతారు.

సత్యనారాయణపురం:
నేను విజయవాడలో న్యూక్లియర్ మెడిసిన్ టెక్నీషియన్‌ని. అసలు కొలిచేది ఏమిటో చెబుతాను, మాట మీరే చూసుకోండి. తొలిదశలో మామూలు ఎమ్మారై చాలామందికి నార్మల్‌గానే వస్తుంది. వేరే జబ్బు ఏదీ లేదని తేల్చుకోవడానికే తీయిస్తారు. ట్రోడాట్ స్కాన్ వేరు. కొద్దిగా రేడియోధార్మికత ఉన్న మందు ఇంజెక్షన్ ఇచ్చి, 3, 4 గంటలు ఆగి, దాని కిరణాలను పట్టే స్పెక్ట్ కెమెరా కింద పడుకోబెడతాం. కదలికలకు అవసరమైన డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే నరాల చివర్లలో, దాన్ని తిరిగి లోపలికి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్లు ఉంటాయి, ఆ మందు వాటికి అతుక్కుంటుంది. ఆరోగ్యవంతులలో మెదడు లోపలి స్ట్రయేటమ్ అనే భాగం రెండు పక్కలా రెండు కామాల్లా వెలుగుతుంది. పార్కిన్సన్స్‌లో కామా తోక, అంటే స్ట్రయేటమ్‌లోనే పుటామెన్ అనే ముక్క వెనక భాగం, ముందుగా మసకబారుతుంది. పోనుపోను ఫుల్‌స్టాప్ మిగులుతుంది. మొదట్లో రెండు పక్కలా ఒకేలా ఉండదు. కుడిచెయ్యి వణికే మనిషికి సాధారణంగా ఎడమపక్క ఎక్కువ తగ్గుతుంది.

ఇదంతా కంటితో చూసి చెప్పేది. ఇక ట్రాన్స్‌పోర్టర్లు దాదాపు ఉండని తల వెనక భాగంలో కౌంట్లు, అంటే కెమెరా పట్టిన కిరణాల లెక్క, తీసుకుని, స్ట్రయేటమ్ కౌంట్లలోంచి తీసేసి, వచ్చినదాన్ని మళ్లీ ఆ వెనక భాగం కౌంట్లతోనే భాగిస్తే ఒక అంకె వస్తుంది. దాన్ని ఆ వయసువాళ్ల మామూలు అంకెతో పోల్చాలి, ఎందుకంటే వయసుతో అందరికీ కొంత తగ్గుతుంది. మీ ‘పరిమాణాత్మక’ ఇదే.

బ్రాడీపేట:
అంటే మన మిర్చి యార్డే! టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, రంగు చూసి, తాలు ఎంతుందో అంచనా కట్టడం ఒకటి, కాటా మీద పెట్టడం ఒకటి. ‘కొలత స్కాన్’ అనేద్దామా?

అరండల్‌పేట:
కొలతలంటే టైలరు గుర్తొస్తాడు. మళ్లీ సైజు దగ్గరికే వచ్చారు.

బ్రాడీపేట:
పోనీ ‘డోపమైన్ లెక్క చెప్పే స్కాన్’?

సత్యనారాయణపురం:
వద్దండీ. డోపమైన్‌ని మేం లెక్కపెట్టం, ట్రాన్స్‌పోర్టర్లనే చూస్తాం. ఇంకోటి, కరపత్రంలో ‘వ్యాధిని నిర్ధారించే’ అని ఉంటే కొట్టేయండి. ఎసెన్షియల్ ట్రెమర్ లాంటి వేరే వణుకుల నుంచి విడదీయడానికి ఇది బాగా పనికొస్తుంది, వాటిలో స్కాన్ నార్మల్‌గా ఉంటుంది. కానీ పార్కిన్సన్స్‌ను పోలిన ఎమ్మెస్సే (మల్టిపుల్ సిస్టమ్ ఆట్రోఫీ), పీయస్పీ (ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ) జబ్బుల్లోనూ ఈ అంకె పడిపోతుంది. రోగిని పరీక్షించి డాక్టరే తేల్చాలి.

అరండల్‌పేట:
అలాగైతే కరపత్రంలో పార్కిన్సన్స్‌కు ‘కంపవాతం’ అని ఉంటే అదీ తీసేయండి. వాతం అంటే మనవైపు పక్షవాతమే అనుకుంటారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ కూడా దీన్ని ‘షేకింగ్ పాల్సీ’ అనే రాశాడు, ఆ పాల్సీ అంటే పక్షవాతమే. పైగా కొందరికి వణుకే ఉండదట, ఒళ్లు బిగుసుకుని పనులు నెమ్మదిస్తాయంతే.

బ్రాడీపేట:
సరే, పేరు పెట్టే గొడవ మానేసి వాక్యం రాశాను: ‘మెదడులో డోపమైన్ నరాల చివర్లు ఎంత మిగిలాయో అంకెల్లో అంచనా వేసే స్కాన్.’ పొడుగే, కానీ కంగారుపెట్టదు.

అరండల్‌పేట:
‘చివర్లు’ తీసి ‘కొసలు’ పెట్టండి. మిగతాది ప్రెస్సుకు పంపేయొచ్చు.