మిద్దె మీంచి పట్టిన ట్రాన్సిట్: గ్రహం దొరికినట్టా, నీడ దొరికినట్టా?

మిద్దెదుర్భిణి (బెంగళూరు):
వాట్సాప్‌లో తేలలేదు, ఇక్కడ పెడుతున్నా. హెచ్‌డీ 189733 బి అనే గ్రహం ఉంది కదా: 64 కాంతి సంవత్సరాల దూరం, గురుడి కన్నా కాస్త లావు, 2005లో ఫ్రాన్స్‌లోని ఓట్ ప్రొవాన్స్ అబ్జర్వేటరీలో బయటపడింది. తన నక్షత్రానికి అడ్డం వచ్చిన ప్రతిసారీ (దీన్నే ట్రాన్సిట్ అంటారు) ఆ నక్షత్రం వెలుగు 2.4 శాతం తగ్గుతుంది. ఆ తగ్గుదలను బెంగళూరు మిద్దె మీంచి 8 అంగుళాల టెలిస్కోపుతో కొలిస్తే గ్రహాన్ని స్వతంత్రంగా పట్టినట్టేనని నా వాదన. కాదంటే ఎందుకో చెప్పండి.

స్పెక్ట్రోరావు (చెన్నై):
కాదు. మీకు దొరికేది సైజు ఒక్కటే. 2.4 శాతానికి, అంటే 0.024కు, వర్గమూలం కడితే అడ్డొచ్చినదాని వ్యాసం నక్షత్రంలో 15.5 శాతం. అక్కడితో సరి. గురుడంత బరువున్నా, 50 రెట్లు బరువైన బ్రౌన్ డ్వార్ఫ్ (నక్షత్రం కాలేకపోయిన గోళం) అయినా లావు ఇంచుమించు ఒకటే. రెంటిలో ఏదో తేలాలంటే, దాని లాగుడుకు నక్షత్రం ఎంత ఊగుతోందో కొలవాలి. దీని విషయంలో అది సెకనుకు దాదాపు 205 మీటర్లు, దానికి వెలుగును రంగులుగా విడగొట్టి చూసే స్పెక్ట్రోగ్రాఫ్ కావాల్సిందే. మన దేశంలో తేల్చిన గ్రహం టీఓఐ-1789 బి చూడండి, 725 కాంతి సంవత్సరాల అవతలిది. వెలుగు తగ్గడం గ్రహాలు వెతికే టెస్ ఉపగ్రహం చూసింది. మౌంట్ అబూలో 1.2 మీటర్ల టెలిస్కోపుకున్న పారస్ స్పెక్ట్రోగ్రాఫ్‌తో 2020 డిసెంబరు నుంచి 2021 మార్చి దాకా కొలిచాకే గురుడి బరువులో 70 శాతమని తేలింది.

ఫ్లాట్‌ఫ్రేమ్ (బెంగళూరు):
సార్లూ, ముందు ఆ 2.4 శాతం నిజంగా కనబడనివ్వండి. 1 సెకను ఎక్స్‌పోజర్లతో గాలి మిణుకే శాతం దాకా తినేస్తుంది. 30 సెకన్లకు వెళ్లండి. అప్పుడు 7.7 మాగ్నిట్యూడ్ (ప్రకాశం కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) నక్షత్రం సాచురేట్ అవుతుంది, అంటే కెమెరా చిప్ వెలుగుతో నిండిపోతుంది కాబట్టి ఫోకస్ చెడగొట్టండి, నక్షత్రం గారెలా కనబడాలి, చిల్లుతో సహా. నక్షత్రంలో అతి ప్రకాశమైన చోటు కూడా సాచురేషన్‌లో సగం దాటకూడదు. పోల్చే నక్షత్రాలు కూడా నారింజ రంగువే తీసుకోండి. నీలంవి తీసుకుంటే నక్షత్రం దిగేకొద్దీ వెలుగు గీత (కాలంతోపాటు వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్) దానంతటదే ఏటవాలుగా పోతుంది.

అసలు దెబ్బ మెరిడియన్ ఫ్లిప్ దగ్గర, అంటే నక్షత్రం నడిమి గీత దాటినప్పుడు టెలిస్కోపును అటు తిప్పేటప్పుడు. ఈ నక్షత్రం మనకు నడినెత్తికి 10 డిగ్రీల లోపే దాటుతుంది. ట్రాన్సిట్ 1.8 గంటలు, ముందు గంట, వెనక గంట కలిపితే దాదాపు 4 గంటలు. ఈలోగా జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్ (టెలిస్కోపును మోసి తిప్పే స్టాండు) తిరగబడితే నక్షత్రం చిప్‌లో అవతలి మూలకు పోతుంది. ఫ్లాట్లు (చిప్‌లో చోటును బట్టి వచ్చే తేడాలు సరిచేసే ఫొటోలు) సరిగ్గా లేకపోతే గీతలో మెట్టు పడుతుంది, దాన్నే ఇన్‌గ్రెస్ (గ్రహం అడ్డం రావడం మొదలు) అనుకుని సంబరపడిపోతారు. ఒకటి తప్పిపోతే 20 రోజులకు, ముప్పావు గంట ముందుగా మళ్లీ వస్తుంది. ఆ రోజు మబ్బు పట్టకపోతే!

మిద్దెదుర్భిణి:
సరే, 'స్వతంత్రంగా' అన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ రావుగారూ, టెస్ పిక్సెల్ ఒక్కోటి 21 ఆర్క్‌సెకన్లు (ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను). అందులో మూడు నాలుగు నక్షత్రాలు కలిసిపోతే తగ్గిన వెలుగు ఎవరిదో దానికేం తెలుసు? పక్కనున్న మసక జంట నక్షత్రాల గ్రహణం, పెద్ద నక్షత్రం వెలుగులో పలచబడి అచ్చం గ్రహంలాగే కనబడుతుంది. పారస్ లాంటివాటికి పంపే ముందు ఆ వడపోత చేసేది చిన్న టెలిస్కోపులే కదా?

స్పెక్ట్రోరావు:
అది ఒప్పుకుంటాను. కాకపోతే ఆ పనికి గారె పనికిరాదు. నక్షత్రాలను విడదీయాలంటే ఫోకస్ పదునుగా ఉండాలి.

ఫ్లాట్‌ఫ్రేమ్:
అవును, గారె ప్రకాశమైనవాటికే. పైగా 189733 మనకు సాయంత్రం వేళ నెత్తిమీదికొచ్చేది వానల కాలంలో, ఆకాశం తేటపడే ఫిబ్రవరి, మార్చిల్లో తెల్లవారుజామున తూర్పునే కనబడుతుంది. అప్పుడు వాస్ప్-43 బి అనే గ్రహం పెట్టుకోండి: దాని నక్షత్రం 12.4 మాగ్నిట్యూడ్, తగ్గుదల దాదాపు అంతే, ట్రాన్సిట్ గంటంబావు, 19.5 గంటలకోసారి. ఫోకస్‌లోనే, 60 సెకన్ల ఎక్స్‌పోజర్. చీకటి పడగానే మొదలెట్టకండి, స్లాబు వేడికి గాలి కదిలి నక్షత్రం వణుకుతుంది, అది తగ్గనివ్వండి.